నిర్బంధిత ఎలక్ట్రాన్లు: పరస్పర చర్య, స్థానీకరణ

పదార్థమంతటా స్వేచ్ఛగా తిరిగే వీలు లేక కొన్ని నానోమీటర్ల పరిధిలో చిక్కుకుపోయిన ఎలక్ట్రాన్లను నిర్బంధిత ఎలక్ట్రాన్లు అంటారు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. ఆ పరిధి అర్ధవాహకపు చిన్న నలుసు కావచ్చు, స్ఫటికంలో ఒక అయాన్ లోపించిన ఖాళీ కావచ్చు, రెండు పదార్థాల పొరలు కలిసే సరిహద్దు కావచ్చు. స్థానీకరణ దీనికి దగ్గరిదే అయినా వేరు విషయం. ఎలక్ట్రాన్ ఎక్కడ ఉండే అవకాశం ఎంతో తెలిపే గణిత రూపానికి తరంగ ప్రమేయం అని పేరు. ఏ గోడా అడ్డు లేకపోయినా ఆ తరంగ ప్రమేయం పదార్థమంతటా పరచుకోకుండా ఒకచోటే ముడుచుకుని, అక్కడి నుంచి దూరం పెరిగేకొద్దీ వేగంగా క్షీణిస్తే ఆ ఎలక్ట్రాన్ స్థానీకరణ చెందిందంటారు.

ఎలక్ట్రాన్ ఒకచోట నిలిచిపోవడానికి గోడలు కారణం కావచ్చు, తోటి ఎలక్ట్రాన్ల వికర్షణ కారణం కావచ్చు, పదార్థంలోని అక్రమత కారణం కావచ్చు, ఎలక్ట్రాన్ ఆవేశానికి లొంగే స్ఫటిక జాలకం కూడా కారణం కావచ్చు. పుస్తకాల్లో ఈ కారణాలు వేర్వేరు అధ్యాయాల్లో ఉన్నా ప్రయోగశాలకు వచ్చే నమూనాలో అన్నీ కలిసే ఉంటాయి. వాటిలో ఏది ఎంత పని చేస్తున్నదో విడదీసి చెప్పడమే భౌతికశాస్త్రపు ఈ శాఖలో అసలు కష్టం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా సాగిన పరిశోధనల్లో కొంత భాగం ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

గోడల మధ్య ఎలక్ట్రాన్

ఎలక్ట్రాన్ కణమే కాక తరంగం కూడా కనుక, దాన్ని ఇరుకైన చోట బంధించినప్పుడు అక్కడ ఇమిడే తరంగాలు కొన్నే ఉంటాయి, ఒక్కో తరంగానికి ఒక్కో నిర్దిష్టమైన శక్తి ఉంటుంది. అందువల్ల బంధితమైన ఎలక్ట్రాన్ శక్తి మెట్లు మెట్లుగా ఉంటుంది, అన్నిటికన్నా కింది మెట్టు కూడా సున్నా కాదు. స్థానం ఎంత కచ్చితంగా తెలిస్తే ద్రవ్యవేగం అంత అనిశ్చితమవుతుందని చెప్పే హైసెన్‌బర్గ్ సూత్రం ప్రకారం ఇరుకున పడిన ఎలక్ట్రాన్ కదలక తప్పదు. ఆ కదలికకు కావలసిన శక్తినే నిర్బంధ శక్తి అంటారు. ఆ ఇరుకైన చోటును పెట్టె అనుకుంటే, పెట్టె పొడవు సగమైతే ఈ శక్తి నాలుగు రెట్లవుతుంది.

ఒక నానోమీటరు పొడవున్న పెట్టెలో, ఒకే దిశను లెక్కలోకి తీసుకుంటే, స్వేచ్ఛా ఎలక్ట్రాన్ కనిష్ఠ శక్తి సుమారు 0.38 ఎలక్ట్రాన్ వోల్టులు. పెట్టె 10 నానోమీటర్లదైతే అది వందో వంతుకు పడిపోయి, గది ఉష్ణోగ్రత వద్ద అణువుల కదలికలో ఉండే 0.025 ఎలక్ట్రాన్ వోల్టుల ఉష్ణ శక్తి ముందు లెక్కకు రాకుండా పోతుంది. అయితే గాలియం ఆర్సెనైడ్ వంటి అర్ధవాహకంలో జాలకం ప్రభావం వల్ల ఎలక్ట్రాన్ తన అసలు ద్రవ్యరాశిలో 0.067 వంతు మాత్రమే ఉన్నట్లు ప్రవర్తిస్తుంది కనుక, అదే 10 నానోమీటర్ల పెట్టెలో దాని కనిష్ఠ శక్తి 0.056 ఎలక్ట్రాన్ వోల్టులకు చేరి ఉష్ణ శక్తిని దాటిపోతుంది. నానో పరికరాలకు లోహాలకన్నా అర్ధవాహకాలు అనువుగా ఉండటానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ప్రకృతి స్వయంగా అమర్చిన పెట్టెకు మంచి ఉదాహరణ ఉప్పు స్ఫటికంలో కనిపిస్తుంది. సోడియం క్లోరైడ్ స్ఫటికం మీద ఎక్స్ కిరణాలు పడితే కొన్ని క్లోరిన్ అయాన్లు తమ స్థానం విడిచిపోతాయి, ఆ ఖాళీలో ఒక ఎలక్ట్రాన్ వచ్చి చేరుతుంది. చుట్టూ ఉన్న ఆరు సోడియం అయాన్లు దానికి గోడలవుతాయి. ఈ ఎలక్ట్రాన్ కింది మెట్టు నుంచి పై మెట్టుకు ఎక్కడానికి సుమారు 2.7 ఎలక్ట్రాన్ వోల్టుల నీలి కాంతిని గ్రహిస్తుంది కనుక తెల్లని ఉప్పు పసుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. జాలకం కొంత వెడల్పుగా ఉండే పొటాషియం క్లోరైడ్‌లో ఈ శక్తి 2.3 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరికి తగ్గి స్ఫటికం ఊదా రంగులో కనిపిస్తుంది. పెట్టె పెరిగితే శక్తి తగ్గుతుందన్న నియమాన్ని కంటితో చూపే ఈ వర్ణ కేంద్రాలను 1920ల నుంచి జర్మనీలోని గొట్టింగెన్‌లో రాబర్ట్ పోల్ బృందం క్షుణ్ణంగా అధ్యయనం చేసింది.

మనిషి చేసిన పెట్టెలు అర్ధ శతాబ్దం తర్వాత వచ్చాయి. సోవియట్ శాస్త్రవేత్త అలెక్సీ ఎకిమోవ్ 1981లో రంగు గాజులోని రాగి క్లోరైడ్ నలుసుల్లోనూ, అమెరికాలో లూయీ బ్రస్ 1983లో ద్రావణంలో తేలే కాడ్మియం సల్ఫైడ్ నలుసుల్లోనూ పరిమాణాన్ని బట్టి కాంతి శోషణ మారడాన్ని గుర్తించారు. ఒకే పరిమాణం గల నలుసులను కోరినట్లు తయారుచేసే పద్ధతిని మౌంగి బావెండి బృందం 1993లో కనిపెట్టింది. ముగ్గురికీ కలిపి 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వీటికి క్వాంటమ్ చుక్కలని పేరు. ఒకే కాడ్మియం సెలినైడ్‌తో చేసినా 2 నానోమీటర్ల చుక్క నీలంగా, 6 నానోమీటర్ల చుక్క ఎర్రగా వెలుగుతుంది. కొత్త తరం టెలివిజన్ తెరల్లోని శుద్ధమైన రంగులకు ఆధారం ఇదే.

వికర్షణ ఎప్పుడు గెలుస్తుంది

ఒకే పెట్టెలో రెండో ఎలక్ట్రాన్ చేరగానే లెక్క మారిపోతుంది. ఇక్కడ సాధారణ అంచనాకు విరుద్ధమైన ఒక విషయం ఉంది. ఇరుకు పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ల మధ్య పోట్లాట పెరిగి అదే శాసిస్తుందని అనిపించినా, నిజానికి జరిగేది వేరు. రెండు ఎలక్ట్రాన్ల వికర్షణ శక్తి దూరానికి విలోమంగా మారుతుంది, నిర్బంధ శక్తి మాత్రం దూరపు వర్గానికి విలోమంగా మారుతుంది. అందువల్ల పెట్టె చిన్నదయ్యేకొద్దీ రెండూ పెరిగినా నిర్బంధ శక్తి త్వరగా పెరిగి వికర్షణను మించిపోతుంది. గాలియం ఆర్సెనైడ్‌లో 10 నానోమీటర్ల దూరానికి వికర్షణ శక్తి సుమారు 0.011 ఎలక్ట్రాన్ వోల్టులు, నిర్బంధ శక్తి దానికి ఐదు రెట్లు. అదే 100 నానోమీటర్ల పెట్టెలో వికర్షణ 0.0011 ఎలక్ట్రాన్ వోల్టులు కాగా నిర్బంధ శక్తి అందులో సగమే. వదులుగా బంధించిన ఎలక్ట్రాన్లే ఒకదాన్నొకటి ఎక్కువగా పట్టించుకుంటాయి. ఈ శాఖలోని చాలా ఫలితాలు ఈ ఒక్క పోలిక నుంచే పుట్టాయి.

చిన్న చుక్కల్లో ఎలక్ట్రాన్లు పరమాణువులో లాగే కక్ష్యల వారీగా నిండుతాయి. జపాన్‌లో సెయిగో తరుచా, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పరిశోధకులతో కలిసి 1996లో ప్రకటించిన ప్రయోగంలో, బిళ్ల ఆకారపు క్వాంటమ్ చుక్కలోకి ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపినప్పుడు 2, 6, 12 సంఖ్యల దగ్గర ప్రత్యేకమైన స్థిరత్వం కనిపించింది. పరమాణువుల్లో జడవాయువులకున్న స్థానమే ఇక్కడ ఈ సంఖ్యలది. అందుకే ఇటువంటి చుక్కలకు కృత్రిమ పరమాణువులన్న పేరు వచ్చింది.

చుక్కలోకి మరో ఎలక్ట్రాన్‌ను చేర్చడానికి అయ్యే ఖర్చు మరొక ఫలితాన్నిస్తుంది. శూన్యంలో 9 నానోమీటర్ల వ్యాసార్ధం గల లోహ గోళాన్ని తీసుకుంటే, ఒక ఎలక్ట్రాన్ ఉన్నచోట రెండోది చేరడానికి 0.16 ఎలక్ట్రాన్ వోల్టుల అదనపు శక్తి కావాలి. ఇది గది ఉష్ణోగ్రత ఉష్ణ శక్తికి ఆరు రెట్లు. ఆ మేరకు వోల్టేజి ఇవ్వనంతవరకు విద్యుత్తు ప్రవహించదు, దీన్నే కూలుంబ్ దిగ్బంధం అంటారు. ఒక షరతు ఉంది. చుక్కకూ తీగలకూ మధ్య ఉన్న నిరోధం సుమారు 25,800 ఓములను మించాలి, లేకపోతే ఎలక్ట్రాన్ లోపల ఉన్నదీ బయట ఉన్నదీ నిర్ణయం కాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో థియొడోర్ ఫుల్టన్, జెరాల్డ్ డోలన్ 1987లో ఈ సూత్రం మీద ఒంటి ఎలక్ట్రాన్ ట్రాన్సిస్టర్‌ను నిర్మించారు.

పెట్టె బాగా పెద్దదై, ఎలక్ట్రాన్లు బాగా పలచనైతే వికర్షణ పూర్తిగా గెలుస్తుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు ద్రవంలా పారడం మాని, ఒకదానికొకటి వీలైనంత దూరంగా వరుసలు కట్టి స్ఫటికంగా నిలిచిపోతాయని యూజీన్ విగ్నర్ 1934లో ఊహించాడు. దీన్ని మొదట స్పష్టంగా చూసింది 1979లో, ద్రవ హీలియం ఉపరితలం మీద తేలిన ఎలక్ట్రాన్లలో. చార్లెస్ గ్రైమ్స్, గ్రెగరీ ఆడమ్స్ సుమారు అర కెల్విన్ ఉష్ణోగ్రత కింద వాటి త్రిభుజాకార అమరికను గుర్తించారు. ఘన పదార్థంలో ఈ స్ఫటికపు చిత్రాన్ని నేరుగా తీయడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ బృందం గ్రాఫీన్ జంట పొరలో, బలమైన అయస్కాంత క్షేత్రంలో తీసిన చిత్రాలు 2024లో వెలువడ్డాయి.

పలచదనం లేకుండానే వికర్షణ ఎలక్ట్రాన్లను కట్టిపడేసే సందర్భం కూడా ఉంది. పరమాణువుల శక్తి స్థాయిలు కలిసి పట్టీలుగా ఏర్పడతాయని, సగం నిండిన పట్టీ ఉన్న పదార్థం లోహం కావాలని చెప్పే పట్టీ సిద్ధాంతం ప్రకారం నికెల్ ఆక్సైడ్ విద్యుత్ వాహకం కావాలి. కానీ అది విద్యుత్తును పారనివ్వని మేలైన బంధకమని 1937లో డి బోయర్, వెర్వే ఎత్తి చూపారు. ఒక పరమాణువు మీద ఇప్పటికే ఎలక్ట్రాన్ ఉండగా పొరుగు నుంచి మరొకటి దూకి రావడానికి అయ్యే ఖర్చు, ఆ దూకుడు వల్ల కలిగే లాభాన్ని మించితే ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడే ఆగిపోతాయని నెవిల్ మాట్ 1949లో వివరించాడు. ఇటువంటి పదార్థాలను మాట్ బంధకాలంటారు. జాన్ హబ్బర్డ్ 1963లో దీనికి అతి సరళమైన గణిత రూపమిచ్చాడు. అందులో రెండే అంకెలు ఉంటాయి: పొరుగుకు దూకే సౌలభ్యానికి ఒకటి, ఒకే చోట రెండు ఎలక్ట్రాన్లున్నందుకు చెల్లించే ఖర్చుకు మరొకటి.

అక్రమత

ఫిలిప్ ఆండర్సన్ 1958లో ప్రచురించిన ఒక వ్యాసం ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణను పూర్తిగా పక్కన పెట్టింది. జాలకంలోని ఒక్కో స్థానపు శక్తి యాదృచ్ఛికంగా మారుతూ ఉంటే, ఆ తేడాలు ఒక హద్దు మించిన తర్వాత ఎలక్ట్రాన్ తరంగం అన్ని వైపుల నుంచి చెదిరి, తనతో తానే తారసపడి, బయలుదేరిన చోటే ఉండిపోతుందని ఆయన చూపించాడు. గోడ ఎక్కడా లేదు, తోటి ఎలక్ట్రాన్ లేదు, అయినా ప్రయాణం ఆగిపోయింది. దాదాపు ఇరవయ్యేళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోని ఈ ఆలోచనకు తగిన గౌరవం 1977లో దక్కింది. ఆ ఏడాది భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని ఆండర్సన్, మాట్, వాన్ వ్లెక్ పంచుకున్నారు.

భారతీయుల పాత్ర ఇక్కడ ప్రముఖమైనది. మద్రాసులో పుట్టిన టి. వి. రామకృష్ణన్, అబ్రహమ్స్, ఆండర్సన్, లిచ్చార్డెల్లోలతో కలిసి 1979లో ప్రచురించిన వ్యాసం, నమూనా పరిమాణం పెరిగేకొద్దీ దాని వాహకత్వం ఎలా మారుతుందన్న ఒక్క ప్రశ్నతో మొత్తం సమస్యను తిరగరాసింది. దాని ప్రకారం మూడు పరిమాణాల్లో, అంటే పొడవు, వెడల్పు, ఎత్తు గల నమూనాలో, లోహానికీ బంధకానికీ మధ్య ఒక నిశ్చితమైన హద్దు ఉంటుంది. రెండు పరిమాణాల్లో, అంటే పలచని పొరలో, అక్రమత ఎంత స్వల్పమైనా తగినంత పెద్ద నమూనాలో ఎలక్ట్రాన్లన్నీ స్థానీకరణ చెందుతాయి. ఈ తీర్పు పరస్పర చర్య లేని ఎలక్ట్రాన్లకు మాత్రమే వర్తిస్తుంది. సిలికాన్ పొరల్లో 1990ల మధ్యలో కనిపించిన లోహ ప్రవర్తన ఆ షరతు ఎంత ముఖ్యమో గుర్తుచేసింది. వికర్షణ, అక్రమత రెండూ బలంగా ఉన్నప్పుడు ఏమవుతుందన్నది నేటికీ పూర్తిగా తేలలేదు.

ఈ రెండు కారణాలూ కలగలిసిన పదార్థం రోజూ చేతిలో ఉండే ఫోన్లలోనిదే. సిలికాన్‌లో ఫాస్ఫరస్ పరమాణువులు చాలా తక్కువగా ఉంటే ఒక్కో ఫాస్ఫరస్ ఎలక్ట్రాన్ తన పరమాణువు దగ్గరే ఉండి, అతి శీతల స్థితిలో స్ఫటికం బంధకంగా మిగులుతుంది. సుమారు 13,500 సిలికాన్ పరమాణువులకు ఒక ఫాస్ఫరస్ చొప్పున చేరగానే ఎలక్ట్రాన్ల తరంగాలు ఒకదానిలోకి ఒకటి చొరబడి స్ఫటికం లోహంగా మారుతుంది. ఇది మాట్ చెప్పిన మార్పా, ఆండర్సన్ చెప్పిన మార్పా అంటే రెండూ అనే సమాధానం చెప్పాలి.

స్థానీకరణ ఎప్పుడూ అడ్డంకే కాదు. బలమైన అయస్కాంత క్షేత్రంలో పలచని ఎలక్ట్రాన్ పొర హాల్ నిరోధం (ప్రవాహానికి అడ్డంగా ఏర్పడే వోల్టేజిని ఆ ప్రవాహంతో భాగిస్తే వచ్చేది) 25,813 ఓముల దగ్గర, దాన్ని పూర్ణ సంఖ్యలతో భాగించిన విలువల దగ్గర చెక్కుచెదరకుండా నిలుస్తుందని క్లౌస్ ఫాన్ క్లిట్జింగ్ 1980లో కనుగొన్నాడు. ఆ నిలకడకు కారణం పొరలోని మలినాల చుట్టూ చిక్కుకుని, విద్యుత్తులో పాలు పంచుకోని ఎలక్ట్రాన్లే. పరిపూర్ణంగా శుద్ధమైన నమూనాలో ఆ మెట్లు కనిపించవు.

జాలకం లొంగుబాటు: హైదరాబాద్ పరిశోధనలు

స్ఫటిక జాలకం బిగుసుకుని ఉండే చట్రం కాదు. అయాన్లతో కూడిన పదార్థంలో ఎలక్ట్రాన్ ఉన్నచోట ధన అయాన్లు దాని వైపు కొద్దిగా జరుగుతాయి, రుణ అయాన్లు దూరంగా తొలగుతాయి. నులక మంచం మీద కూర్చున్న మనిషి కింద నులక కుంగినట్లు, ఎలక్ట్రాన్ తన చుట్టూ తానే ఒక గుంట చేసుకుంటుంది, కదిలినప్పుడు ఆ గుంటను కూడా వెంట లాక్కుపోతుంది. ఎలక్ట్రాన్‌నూ దాన్ని చుట్టుకున్న జాలక వికృతినీ కలిపి పోలరాన్ అంటారు. లెవ్ లాండౌ 1933లో సూచించిన ఈ భావనను పెకార్, ఫ్రోలిక్, హోల్‌స్టీన్ తర్వాతి పాతికేళ్ళలో సిద్ధాంతంగా మలిచారు. గుంట లోతుగా ఉంటే ఎలక్ట్రాన్ దానిలోనే బందీ అవుతుంది, అంటే బయటి గోడ ఏదీ లేకుండా తనను తాను బంధించుకుంటుంది.

1974లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విభాగంలో అశోక్ ఛటర్జీ, సోమా ముఖోపాధ్యాయ 1990లలో ఈ పోలరాన్‌ను క్వాంటమ్ చుక్కలో పెట్టి చూశారు. గోడ కట్టిన నిర్బంధం, జాలకం చేసిన నిర్బంధం ఒకే ఎలక్ట్రాన్ మీద పని చేస్తే ఏమవుతుందన్నది వారి ప్రశ్న. గాలియం ఆర్సెనైడ్‌లో జాలక ప్రభావం చాలా స్వల్పం కనుక దాన్ని వదిలేయవచ్చన్న అలవాటు ఉండేది. ధ్రువ స్వభావం గల అర్ధవాహకాల్లో చుక్క చిన్నదయ్యేకొద్దీ పోలరాన్ ప్రభావం బలపడుతుందనీ, అలా వదిలేయడం ప్రతిచోటా చెల్లదనీ వారి గణనలు చూపాయి. ఒకే చుక్కలో రెండు ఎలక్ట్రాన్లు జాలకం ద్వారా ఆకర్షించుకుని, తమ వికర్షణను మించి జంటగా నిలిచే పరిస్థితులను, అంటే బైపోలరాన్ స్థిరత్వాన్ని కూడా వారు పరిశీలించారు.

ఈ వరుసలో విస్తృతంగా చర్చకు వచ్చిన ఫలితం 2003లో వెలువడింది. టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన యసుతామి తకడాతో కలిసి ఛటర్జీ, హబ్బర్డ్ నమూనాకు హోల్‌స్టీన్ చెప్పిన జాలక కంపనాలను జోడించిన ఏక పరిమాణ నమూనాను పరిష్కరించాడు. వికర్షణ ఎక్కువైతే ఎలక్ట్రాన్లు ఒక్కో స్థానంలో ఒక్కటిగా, వాటి సహజ అయస్కాంత దిశలైన స్పిన్‌లు ఎదురెదురుగా నిలిచి బంధకమవుతాయి. జాలకం ద్వారా వచ్చే ఆకర్షణ ఎక్కువైతే స్థానం విడిచి స్థానంలో జంటలుగా పోగై, అప్పుడూ బంధకమే అవుతాయి. రెండు బంధకాల మధ్య సరిహద్దు ఒక గీత మాత్రమేనని అంతవరకు చాలామంది భావించేవారు. ఆ సరిహద్దు ఒక సన్నని పట్టీ అనీ, వికర్షణ, ఆకర్షణ ఒకదాన్నొకటి రద్దు చేసుకునే ఆ పట్టీలో పదార్థం లోహంగా మారే అవకాశం ఉందనీ వారు వాదించారు. స్థానీకరణను కలిగించే రెండు శక్తులు సరిసమానమైనప్పుడు స్వేచ్ఛ పుట్టడం ఈ ఫలితంలోని విశేషం.

ప్రయోగాల వైపు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పి. వేణుగోపాల్ రెడ్డి బృందం మాంగనైట్లపై చేసిన పని చెప్పుకోదగ్గది. లాంథనం, నియోడిమియం వంటి మూలకాలతో స్ట్రాన్షియం, మాంగనీసు, ఆక్సిజన్ కలిసిన ఈ పదార్థాలు చల్లగా ఉన్నప్పుడు అయస్కాంత లోహాలుగా, వేడెక్కినప్పుడు బంధకాల్లా ప్రవర్తిస్తాయి. మార్పు జరిగే ఉష్ణోగ్రత దగ్గర అయస్కాంత క్షేత్రం పెడితే వాటి నిరోధం భారీగా పడిపోతుంది. వేడి దశలో ఎలక్ట్రాన్లు చిన్న పోలరాన్లుగా మారి, తమ గుంటలో నుంచి పొరుగు గుంటలోకి ఉష్ణ కంపనాల సాయంతో గెంతుతాయన్న వివరణ ఎక్కువ ఆమోదం పొందింది. ద్రావణాన్ని జెల్‌గా మార్చి చేసే సాల్-జెల్ పద్ధతిలో తయారైన నమూనాల మీద, కణికల పరిమాణం మార్చుతూ ఉస్మానియాలో కొలతలు తీశారు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో, నూజివీడు పీజీ కేంద్రంలో ఎన్. వీరయ్య బృందం పరివర్తన లోహాలు కలిపిన గాజుల మీద ఇటువంటి అధ్యయనాలే చేసింది. గాజులో జాలక క్రమం ఉండదు కనుక అక్రమత, పోలరాన్ రెండూ పుట్టుకతోనే కలిసి ఉంటాయి.

ఈ తరహా పరిశోధనల్లో ఒక చిక్కును దాటవేయడం అలవాటుగా మారింది. చిన్న పోలరాన్ సూత్రం ప్రకారం నిరోధపు సంవర్గమానాన్ని ఉష్ణోగ్రత విలోమంతో గీస్తే దాదాపు సరళరేఖ రావాలి. అక్రమత వల్ల బందీ అయిన ఎలక్ట్రాన్ దగ్గరి చోటుకు కాక, శక్తి సరిపోయే దూరపు చోటుకు గెంతుతుందని మాట్ చెప్పిన సూత్రం ప్రకారం, అదే సంవర్గమానాన్ని ఉష్ణోగ్రత నాలుగో మూలపు విలోమంతో గీస్తే సరళరేఖ రావాలి. నిరోధం వంద, నూట యాభై కెల్విన్ల వ్యవధిలో మాత్రమే కొలిచినప్పుడు రెండు గీతలూ ఇంచుమించు తిన్నగానే కనిపిస్తాయి. గీత తిన్నగా వచ్చిందన్న ఒక్క ఆధారంతో ఎలక్ట్రాన్‌ను ఏది బంధించిందో తేల్చడం పొరపాటు. ఉష్ణ విద్యుత్ వోల్టేజి, కాంతి శోషణ, ఐసోటోపు మార్పిడి వంటి మరో కొలత తోడైనప్పుడే ఆ నిర్ణయానికి విలువ ఉంటుంది. 

పలుగురాయిలో నిలిచిన ఎలక్ట్రాన్లు

స్థానీకరణను చూడటానికి అతి శీతల యంత్రాలు తప్పనిసరి కాదు, మట్టిలోని రేణువులు చాలు. సూర్యాపేట జిల్లాలోని ఆత్మకూర్ (ఎస్) పరిసరాల నేల గ్రానైటు, నైస్ శిలలు శిథిలమై ఏర్పడింది.  గ్రానైటు శిథిలమైన చోట మిగిలే చెల్క నేలలో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ రేణువులు విస్తారంగా ఉంటాయి. గ్రానైటు శిలల్లో సహజంగానే పొటాషియం, యురేనియం, థోరియం కొద్ది మోతాదుల్లో ఉంటాయి. నాగార్జునసాగర్ జలాశయం దగ్గరి లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో గ్రానైటు పునాదికీ దాని మీది అవక్షేప శిలకూ మధ్య యురేనియం నిక్షేపాలుగానే పేరుకుని ఉంది. 

ఈ మూలకాల నుంచి వెలువడే వికిరణం పలుగురాయి రేణువును తాకినప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు తమ చోటు విడిచి, స్ఫటికంలోని లోపాల దగ్గర చిక్కుకుంటాయి. చిక్కిన చోటి లోతును బట్టి అవి ఎంతకాలం ఉంటాయో నిర్ణయమవుతుంది, ఆ ఆధారపడటం ఊహకు అందనంత తీవ్రంగా ఉంటుంది. సుమారు 1 ఎలక్ట్రాన్ వోల్టు లోతున్న ఉచ్చులో పడిన ఎలక్ట్రాన్ మామూలు నేల ఉష్ణోగ్రత వద్ద గంటల్లోనే బయటపడుతుంది. లోతు 1.7 ఎలక్ట్రాన్ వోల్టులైతే కోట్ల సంవత్సరాలు అక్కడే ఉంటుంది. అయితే సూర్యకాంతి సోకితే లోతైన ఉచ్చు కూడా నిమిషాల్లో ఖాళీ అవుతుంది. రేణువు మట్టిలో పూడుకుపోయిన నాటి నుంచి ఉచ్చులు మళ్ళీ నిండుతాయి కనుక, ఎన్ని నిండాయో కొలిస్తే అది ఎప్పుడు పూడిందో చెప్పవచ్చు. డేవిడ్ హంట్లీ బృందం 1985లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో నమూనాను వెలుతురు తగలకుండా గొట్టంతో తీసి, మసక ఎర్ర దీపం కింద శుభ్రపరచి, నీలి కాంతితో ఉచ్చులను ఖాళీ చేస్తూ వెలువడే అతినీలలోహిత కాంతిని లెక్కిస్తారు. గ్రే అనేది గ్రహించిన వికిరణ మోతాదుకు కొలమానం. అవక్షేపాల్లో ఆ మోతాదు వెయ్యేళ్ళకు 1 నుంచి 4 గ్రేల వరకు ఉండటం సాధారణం. పలుగురాయిలోని ఉచ్చులు సుమారు 200 గ్రేల దగ్గర నిండిపోతాయి కనుక ఈ గడియారం లక్ష సంవత్సరాల పరిసరాల్లో ఆగిపోతుంది.

తెలుగు నేల మీద ఈ పద్ధతి ఇచ్చిన ప్రసిద్ధ ఫలితం కర్నూలు ప్రాంతంలో జుర్రేరు లోయలోని జ్వాలాపురానిది. సుమారు 74,000 సంవత్సరాల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఎగసిన బూడిద అక్కడ పొరగా మిగిలింది. మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు 2007లో ప్రచురించిన వివరాల ప్రకారం బూడిద కింది మట్టి వయసు 77,000 సంవత్సరాలు, ఆరు వేలు అటూఇటుగా. పై మట్టి వయసు 74,000, ఏడు వేలు అటూఇటుగా. రెండు పొరల్లోనూ మధ్య ప్రాచీన శిలాయుగపు రాతి పనిముట్లు దొరికాయి. వాటిని చేసినవారు ఆధునిక మానవులేనా అన్నది వివాదంగానే ఉన్నా, పేలుడు తర్వాత కూడా ఆ లోయలో మనుషుల ఉనికి కొనసాగిందన్న వాదనకు చిక్కుకున్న ఎలక్ట్రాన్లే సాక్ష్యం.

పక్కనే ఉండే ఫెల్డ్‌స్పార్ అంత నమ్మదగినది కాదు. అందులోని ఉచ్చులు లోతైనవే అయినా ఎలక్ట్రాన్లు గోడను ఎక్కి దాటకుండా గోడలోంచే తరంగంగా అవతలికి చేరుతాయి. ఈ క్వాంటమ్ సొరంగ ప్రక్రియ వల్ల కొంత సంకేతం మెల్లగా హరించుకుపోయి, సరిదిద్దకపోతే వయసు తక్కువగా వస్తుంది. 1973లో ఆన్ వింటిల్ గుర్తించిన ఈ లోపం, ఎలక్ట్రాన్ స్థానీకరణ అంటే సంపూర్ణమైన బందిఖానా కాదని నేలలోని రేణువుల సాక్షిగా చూపుతుంది.

పరికరాలు, గణన

బంధించిన ఎలక్ట్రాన్ స్పిన్‌ను సమాచార ప్రమాణంగా, అంటే క్యూబిట్‌గా, వాడవచ్చని 1998లో డేనియల్ లాస్, డేవిడ్ డివిన్సెంజో ప్రతిపాదించారు. అదే ఏడాది బ్రూస్ కేన్ సిలికాన్‌లోని ఫాస్ఫరస్ పరమాణువులతో ఆ పని చేయవచ్చన్నాడు. రెండు చుక్కల మధ్య గోడను ఎత్తడం, దించడం ద్వారా ఎలక్ట్రాన్ల పరస్పర చర్యను కావలసినప్పుడు పుట్టించి, అక్కర్లేనప్పుడు ఆపవచ్చు. భారత ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్ పరిధిలో ఇటువంటి పరికరాలూ ఉన్నాయి.

అమరావతిలో నెలకొల్పుతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ 2025లో ప్రకటించిన 156 క్యూబిట్ల యంత్రం మాత్రం వేరే దారిలోనిది. అందులోని క్యూబిట్లు అతివాహక వలయాలు. ఎలక్ట్రాన్లు జంటలుగా ఒక సన్నని బంధక పొర గుండా ద్వీపం అనే చిన్న అతివాహక ముక్కలోకి వచ్చిపోతుంటాయి. తొలి రకం వలయాల్లో ద్వీపంలోని జంటల సంఖ్య స్థిరంగా ఉండేది, అంటే ఆవేశం స్థానీకరణ చెంది ఉండేది. చుట్టుపక్కల ఏ చిన్న ఆవేశం కదిలినా అది చెదిరిపోయేది. 2007లో యేల్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ట్రాన్స్‌మాన్ వలయంలో ద్వీపపు కెపాసిటెన్స్‌ను పెంచి, ఒక జంట చేరడానికి అయ్యే ఖర్చును బాగా తగ్గించారు. దానితో జంటల సంఖ్య అనిశ్చితమై పోయి వలయం నిలకడ పెరిగింది. కూలుంబ్ దిగ్బంధం కోసం పడిన పాట్లన్నీ ఇక్కడ తిరగబడ్డాయి, స్థానీకరణను తప్పించడమే ఈ రూపకల్పన లక్ష్యం.

ఇటువంటి యంత్రాల నుంచి భౌతిక శాస్త్రవేత్తలు ఆశించే మొదటి ప్రయోజనం హబ్బర్డ్ నమూనాను పరిష్కరించడం. ఆ నమూనాలో ఒక్కో స్థానం ఖాళీగానో, పై స్పిన్ ఎలక్ట్రాన్‌తోనో, కింది స్పిన్ ఎలక్ట్రాన్‌తోనో, రెండింటితోనో ఉండవచ్చు కనుక 20 స్థానాలున్న చిన్న ముక్కకే లక్ష కోట్లకు పైగా స్థితులను లెక్కలోకి తీసుకోవాలి. ఏక పరిమాణంలో కచ్చితమైన సాధనను ఎలియట్ లీబ్, ఫా యుయే వు 1968లోనే ఇచ్చారు. అధిక ఉష్ణోగ్రత అతివాహకాలకు మూలమని భావించే ద్విపరిమాణ రూపానికి సాధారణ స్థితిలో కచ్చితమైన సాధన ఇంతవరకు లేదు.